ఇసుకలో దిగబడిన కార్లు

వేసవిలో గోదావరి, పెన్న, తుంగభద్ర వంటి నదులలో ఇసుకతిన్నెల మీదుగా బండి తోలినవారికి ఒక సంగతి బాగా తెలుసును. ఒకచోట చక్రము గట్టినేల మీద వలె సాగిపోతుంది. నాలుగు బారలు పక్కకు పోతే ఇరుసు దాకా దిగబడుతుంది. పైకి చూడబోతే రెండు చోట్లా ఇసుక ఒక్కటే. రంగులో గాని, రేణువులో గాని తేడా కనబడదు. బండివాడు ఎద్దులను అదలించి, ఇద్దరు మనుషులచేత చక్రాలకు భుజము పట్టించి, ఎలాగో గట్టెక్కుతాడు. ఎందుకు దిగబడినదో ఆలోచించే తీరిక అతనికి ఉండదు.

ఆ తీరిక, దానికి తగిన పట్టుదల ఉన్న కొందరు 1920 దశకములో ఈజిప్టులో ఉండినారు. వారు శాస్త్రజ్ఞులు కారు. కైరో నగరములో మకాము ఉన్న బ్రిటిషు సైన్యములోని చిన్న అధికారులు. సెలవు దొరికినప్పుడల్లా తమ సొంత ఫోర్డు కార్లలో బయలుదేరి, రోడ్డు లేనిచోటికి పోయి రావటము వారి సరదా. దిగబడిన ప్రతి కారూ వారిని ఒకటే ప్రశ్న అడిగినది. దానికి సరియైన జవాబు పుస్తకరూపములో వచ్చేసరికి 1941 అయినది.

ఈ బృందానికి ముఖ్యుడు రాల్ఫ్ బాగ్నాల్డు. 1896లో ఇంగ్లండులో పుట్టినారు. మొదటి ప్రపంచయుద్ధములో ఫ్రాన్సులో పనిచేసి, తరువాత కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదివి, సైన్యములో సిగ్నల్సు దళములో చేరినారు. 1926లో ఆయనను ఈజిప్టుకు పంపినారు. మొదట ఆయనా, ఆయన స్నేహితులూ సినాయికి, అక్కడనుండి పాలస్తీనా వైపుకు, పడమట సివా ఒయాసిస్సుకు కార్లు నడిపినారు. ప్రతిసారీ ఇంకొంచెము దూరము, ఇంకొంచెము మెత్తని ఇసుక. చివరకు వారి చూపు నైలునదికి పడమట ఉన్న లిబియా ఎడారి మీద పడినది.

ఆ ఎడారిలో, ఈజిప్టు లిబియా దేశాల సరిహద్దున, 'మహా ఇసుక సముద్రము' అనే ప్రాంతము ఉన్నది. దాని వైశాల్యము సుమారు 72,000 చదరపు కిలోమీటర్లు. అనగా తెలంగాణ రాష్ట్రములో దాదాపు మూడింట రెండు వంతులు. ఇందులో ఇసుకదిబ్బలు వరుసలుగా, ఒకదాని పక్క ఒకటి, ఉత్తరము నుండి దక్షిణానికి వందలాది కిలోమీటర్లు సాగి ఉంటాయి. కొన్ని నూరు మీటర్ల ఎత్తు ఉంటాయి. వరుసల మధ్య సందులలో నడవవచ్చును. వరుసలను అడ్డముగా దాటటమే కష్టము. 1874లో గెర్హార్డు రోల్ఫ్సు అనే జర్మను అన్వేషకుడు ఇనుప తొట్లలో నీరు నింపుకొని, ఒంటెలతో పడమటికి కుఫ్రా చేరాలని వచ్చి, ఈ వరుసలను దాటలేక సందుల వెంట ఉత్తరానికి తిరిగి సివా చేరినాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆనాటి ఐరోపా గ్రంథాలలో ఈ ఎడారిని 'ఎవరూ ఎరుగని ప్రదేశము' అని వ్రాయటము పరిపాటి. అది సరికాదు. బెదూయిను, తెబు జాతులవారికి అక్కడి బావులు తరతరాలుగా తెలుసును. 1923లో అహమద్ హసనైన్ బే అనే ఈజిప్షియను ఒంటెల మీద సుమారు 3,500 కిలోమీటర్లు ప్రయాణము చేసి, ఉవైనాత్ పర్వతమును పటములోకి ఎక్కించినాడు. 1926లో రాజకుమారుడు కమాలుద్దీన్ గొలుసుపట్టాల సిత్రోయెను బండ్లతో పోయి గిల్ఫ్ కెబీర్ పీఠభూమిని చూచినాడు. కార్లు కూడా కొత్త కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలములోనే 'టి' రకము ఫోర్డు కార్ల దళములు ఆ ఎడారి అంచులలో తిరిగినవి. బాగ్నాల్డు బృందము చేసిన కొత్త పని వేరు. బజారులో దొరికే మామూలు కారుతో, ప్రభుత్వపు సాయము లేకుండా, ఎవరికైనా అందుబాటులో ఉండే ఖర్చుతో, ఎంత దూరము పోవచ్చునో లెక్క కట్టి చూచినారు. ఆ లెక్కలే మన పాఠశాలలలోని భౌతికశాస్త్రపు పాఠాలు.

మొదటి లెక్క నీటిది. ఎడారిలో మనిషి కంటె కారే ఎక్కువ నీరు తాగుతుంది. మెత్తని ఇసుకలో ఇంజను బరువుగా పనిచేస్తుంది, రేడియేటరులో నీరు మరుగుతుంది, ఆవిరి గొట్టము ద్వారా బయటకు పోతుంది. ఆ పోయేది తాగవలసిన నీరే. వారు రేడియేటరు మూతను గాలి చొరకుండా బిగించి, ఆవిరి గొట్టమును కారు పక్కన అమర్చిన ఒక డబ్బాలోకి దింపినారు. డబ్బాలో సగము వరకు చల్లని నీరు. ఆవిరి అందులోకి పోయి మరల నీరవుతుంది. ఆవిరి గుప్తోష్ణము గ్రాముకు 540 కెలోరీలు. కనుక ఒక గ్రాము ఆవిరి దాదాపు 8 గ్రాముల నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీల దాకా వేడిచేయగలదు. కొంతసేపటికి డబ్బాలోని నీరు కూడా మరిగి, వేడి తుంపరలు డ్రైవరు మీద పడతాయి. అదే ఆగుమని హెచ్చరిక! అప్పుడు కారును గాలికి ఎదురుగా తిప్పి నిలుపుతారు. ఇంజను చల్లబడగానే రేడియేటరులో మిగిలిన ఆవిరి ద్రవించి లోపల ఒత్తిడి పడిపోతుంది. బయటి వాతావరణపీడనము డబ్బాలోని నీటిని గొట్టములోనుండి గుడగుడమని రేడియేటరులోకి నెడుతుంది. ఒక్క చుక్క కూడా వృథా కాదు. పదవ తరగతి విద్యార్థికి గుప్తోష్ణము, వాతావరణపీడనము రెండూ ఒకేసారి చెప్పటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

రెండవ లెక్క దిక్కుది. నూరు కిలోమీటర్ల ప్రయాణములో ఒక్క డిగ్రీ తప్పితే చేరేచోటు 1.75 కిలోమీటర్లు పక్కకు పోతుంది. చేరవలసినది ఒక బావి అయితే ఆ తప్పు ప్రాణాంతకమే. మామూలు అయస్కాంత దిక్సూచి కారులోని ఉక్కువల్ల అబద్ధము చెబుతుంది. దానిని నమ్మాలంటే ప్రతిసారీ కారు దిగి దూరముగా నడిచిపోయి చూడాలి. యుద్ధకాలపు కార్ల దళములవారు దీనికి సూర్యుని నీడను వాడినారు. బాగ్నాల్డు దానిని మెరుగుపరచి, డ్రైవరు ముందు స్థిరముగా ఉండే సాధనము చేసినారు. 360 డిగ్రీలుగా గుర్తించిన ఒక బల్లపరుపు పళ్ళెము, దాని మధ్యలో నిటారుగా ఒక సూది. సూర్యుడు ఆకాశములో జరిగిన కొద్దీ పట్టికను చూచి పళ్ళెమును కొంచెము కొంచెముగా తిప్పుతూ, సూది నీడ అనుకొన్న గుర్తు మీద ఉండేటట్లు కారు నడిపితే చాలును. వేసవి మధ్యాహ్నము సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు మాత్రము నీడ పొట్టిదై ఇది పనికిరాదు. రాత్రి మకాములో నక్షత్రాల ఎత్తు కొలిచి, రేడియోలో వచ్చే కాలసంకేతముతో గడియారము సరిచూచి, తాము భూమిమీద ఎక్కడ ఉన్నదీ లెక్కకట్టేవారు.

ఇక మూడవది, అసలైనది, ఇసుక.

కారు బరువు 1,600 కిలోగ్రాములనుకొందాము. ఒక్కొక్క చక్రము మీద 400 కిలోగ్రాములు. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2 కిలోగ్రాములైతే, టైరు నేలను తాకే వైశాల్యము సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. గాలి సగము తీసివేస్తే టైరు చదునై ఆ వైశాల్యము 400 అవుతుంది. ఇసుక మీద ఒత్తిడి సగమవుతుంది. ఒంటె పాదము వెడల్పుగా ఉండటములో రహస్యము ఇదే. వారు టైరులలో గాలి తగ్గించినారు. కారుకు అనవసరమైన రేకులు, అద్దాలు, తలుపులు తీసివేసి చెక్కపెట్టెలు బిగించినారు. అయినా దిగబడేది. అప్పటికొక ఉపాయము దొరికినది. కైరోలో పాత ఇనుము అమ్మే దుకాణములో, గత యుద్ధములో కందకాల పైకప్పుకై చేసిన దళసరి ఉక్కు దోనెలు కనబడినవి. దిగబడిన వెనుక చక్రాల ముందు ఇసుక తవ్వి, ఈ దోనెలను వాలుగా దూర్చి, అందరూ నెడితే కారు వాటిమీదికి ఎక్కి వేగము అందుకొనేది. నేటికీ ఎడారులలో తిరిగే వాహన సంఘాలవారు తమ బండ్లకు తగిలించుకొనే పలకలకు మూలము ఇదే.

అందరినీ ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి ఉన్నది. 1929లో ఒకసారి, 1930లో మరొకసారి వీరు మహా ఇసుక సముద్రములో ప్రవేశించినారు. కారు దిబ్బను ఎక్కలేదని అప్పటివరకు అందరి అభిప్రాయము. బాగ్నాల్డు ఒక పెద్ద దిబ్బకు ఎదురుగా కారును గంటకు 64 కిలోమీటర్ల వేగముతో తోలినారు. ఎండ మిరుమిట్లలో వాలు ఎక్కడ మొదలయినదో కనబడనే లేదు. కారు మెత్తగా పైకి లేచినట్లై, శిఖరానికి చేరినది. గంటకు 64 కిలోమీటర్ల వేగములో ఉన్న వస్తువు ఇంజను సాయము లేకుండానే, ఘర్షణ లేదనుకొంటే, 16 మీటర్ల ఎత్తుకు పోగలదు. విద్యార్థులు గతిజశక్తి సూత్రముతో సరిచూచుకోవచ్చును. కాని అంత వేగములో బరువైన కారును మోసిన ఆ ఇసుక గట్టిదే అయి ఉండాలి గదా! అదే దిబ్బకు అవతలి వైపు, గాలి మరుగున, ఇసుక 34 డిగ్రీల వాలులో నిలిచి ఉంటుంది. అక్కడ కాలు పెడితే మోకాలి దాకా పోతుంది. శిఖరము మీద కారును పక్కకు తిప్పి ఆపటములో ఒక్క క్షణము ఆలస్యమైతే అవతలికి తలక్రిందులే. ఇసుక ఒక్కటే, ఒక వైపు రోడ్డు, మరొక వైపు గొయ్యి.

1930లో వారు ఐన్ దల్లా ఊట నుండి బయలుదేరి, ఇసుక సముద్రమును దాటి, ఉవైనాత్ మీదుగా నైలునది ఒడ్డున ఉన్న వాదీ హల్ఫా చేరినారు. ఆ ఊరిలో ఒక గ్రీకు దుకాణములో కూర్చొని 'జెర్జూరా క్లబ్బు' అని పేరు పెట్టుకొన్నారు. జెర్జూరా అనేది అరబ్బుల కథలలోని మాయమైన ఒయాసిస్సు. దానిని వెదికినవారెవరైనా సభ్యులే. చందా లేదు, కార్యాలయము లేదు. బిల్ కెన్నెడీ షా, డగ్లస్ న్యూబోల్డు, గై ప్రెండర్‌గాస్ట్ వంటి సైనికులు, సూడాను ఉద్యోగులు, ఈజిప్టు సర్వే శాఖకు చెందిన పాట్ క్లేటన్, హంగరీ దేశస్థుడు అల్మాషీ, అందరూ ఈ ఎడారి స్నేహితులే.

ఇది ఉత్త వినోదమే అనుకొనేవారికి 1931 నాటి ఒక సంఘటన చెప్పాలి. ఆ ఏడు జనవరిలో ఇటలీ సైన్యము కుఫ్రాను పట్టుకొన్నది. అక్కడి ప్రజలు పిల్లలతో సహా ఎడారిలోకి పారిపోయినారు. నీరు లేని వందల కిలోమీటర్ల దారిలో ఎందరో దాహముతో చనిపోయినారు. సర్వే పనిమీద ఆ ప్రాంతములో ఉన్న క్లేటన్ తన కార్లను వెంటనే ఆ పనికి మళ్ళించి, నీరు అందించి, అనేకులను బ్రతికించినారు. ఎడారిలో కారు నడపటము తెలియటమంటే ఏమిటో ఆ రోజులలో తెలిసినది.

బాగ్నాల్డు 1935లో సైన్యమునుండి విరమించుకొని లండనుకు వచ్చినారు. తన యాత్రల గ్రంథము 'లిబియన్ శాండ్స్' ఆ ఏడే వెలువడినది. మామూలుగా కథ అంతటితో ముగియవలసినది. కాని మెత్తని ఇసుక ప్రశ్న ఆయనను విడువలేదు. ఇంపీరియల్ కాలేజీలో కొంత చోటు సంపాదించి, చెక్క, గాజుపలకలతో ఒక గాలి సొరంగమును స్వయముగా కట్టుకొన్నారు. ఒక చివర గాలిని లాగే పంకా, లోపల ఇసుక. జీతము లేదు, పదవి లేదు.

ఆ గాజులోనుండి ఆయన చూచినదేమిటి? గాలికి ఇసుక ధూళివలె తేలిపోదు. ఒక రేణువు పైకి ఎగిరి, గాలి తోపుతో ముందుకు సాగి, ఏటవాలుగా వచ్చి నేలకు కొట్టుకొంటుంది. ఆ దెబ్బకు మరికొన్ని రేణువులు ఎగురుతాయి. అన్నీ మిడతలవలె గంతులు వేస్తూ పోతాయి. గంతు వేయలేని పెద్ద రేణువులు ఈ దెబ్బలకు నేలమీదనే కొంచెము కొంచెముగా జరుగుతాయి; మొత్తము ఇసుకలో సుమారు నాలుగవ వంతు ఇలాగే కదులుతుంది. అందుకే అసలైన ఇసుక తుఫానులో ఇసుక నేలకు రెండు మీటర్లకు మించి లేవదు. దాని మీదుగా మనుషుల తలలు నిర్మలమైన గాలిలో కనబడుతూ ఉండగా ఆయన ఎడారిలో చూచి ఉన్నారు.

ఇక ఆయన కనుగొన్న ముఖ్యమైన సూత్రము: నేలను రాచే గాలి వేగము పెరిగితే, కొట్టుకొనిపోయే ఇసుక పరిమాణము ఆ వేగపు ఘనముతో పెరుగుతుంది. ఒక హద్దు దాటిన తరువాత వేగము రెట్టింపైతే ఇసుక ఎనిమిది రెట్లు. ఏడాదిలో ఎన్నో దినాల పిల్లగాలి చేయలేని పని ఒక్కనాటి పెనుగాలి చేస్తుందన్నమాట. దీనినే తిరగవేసి చూడండి. గాలి వేగమును సగము తగ్గిస్తే ఇసుక ఎనిమిదవ వంతుకు దిగుతుంది. మన సముద్రతీరములో ఇసుక పొలాల మీదికి రాకుండా సరుగుడు తోటలు వేయటములోను, జోధ్‌పూరులో 1952లో మొదలై 1959లో కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థగా మారిన కేంద్రము థారు ఎడారి దిబ్బలమీద కంచెలు, చెట్లు పెంచటములోను ఉన్న బలము ఇదే.

మెత్తని ఇసుక సంగతి? గాలికి ఎదురుగా ఉన్న వాలు మీద రేణువులు ఒక్కొక్కటిగా, దెబ్బ మీద దెబ్బగా పడతాయి. ప్రతి రేణువు తనకు సరిపడిన సందులో ఇరుక్కొని కూర్చుంటుంది. కొలమానములో బియ్యము పోసి తట్టినట్లు ఇసుక గట్టిగా సర్దుకొంటుంది. శిఖరము దాటిన ఇసుక మాత్రము గాలి మరుగున పోగుపడి, వాలు ఎక్కువ కాగానే జారి పడుతుంది. అలా జారి నిలిచిన రేణువులు ఒకదానిమీద ఒకటి వదులుగా ఆగుతాయి. గట్టిగా సర్దుకొన్న ఇసుక కదలాలంటే ముందు ఉబ్బాలి అని 1885లో ఆస్బోర్న్ రేనాల్డ్సు చూపినాడు. సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద అడుగు వేస్తే పాదము చుట్టూ ఒక్కసారిగా పొడిబారటము అందరూ చూచినదే; ఇసుక ఉబ్బి సందులు పెరిగి, నీరు లోపలికి పీల్చుకొనిపోవటమే దానికి కారణము. పైన కారు బరువు ఉండగా ఉబ్బటానికి వీలు లేదు కనుక గట్టి ఇసుక కారును మోస్తుంది. వదులు ఇసుకకు ఉబ్బే అవసరమే లేదు, కూలిపోతుంది. తరువాత గాలి దిశ మారి ఈ వదులు ఇసుక మీద పలుచని పొర కప్పితే, పైకి రెండూ ఒక్కటిగానే కనబడతాయి. కైరో కార్లను మోసగించినదీ, మన బండిచక్రాన్ని మోసగించేదీ వదులుగా పోగుపడిన ఇటువంటి ఇసుకే. గోదావరిలో దానిని పోగుచేసేది గాలికి బదులు ముఖ్యముగా నీరు, అంతే భేదము.

1938లో ఆయన మరల లిబియా ఎడారికి పోయి, సొరంగములో చూచినవాటిని నిజమైన తుఫానులో కొలిచి సరిచూచుకొన్నారు. 'ఊదబడిన ఇసుక, ఎడారి దిబ్బల భౌతికశాస్త్రము' అనే అర్థమిచ్చే పేరుతో ఆయన గ్రంథము 1941లో వెలువడినది. అందులో ఒక అధ్యాయము పాడే ఇసుకను గూర్చి. నిశ్శబ్దమైన రాత్రి, దగ్గరి ఊరికి వందలాది కిలోమీటర్ల దూరములో, జారుతున్న దిబ్బ ఒకటి హఠాత్తుగా ఘోషించసాగినదట. పక్కనున్నవారితో కేకలు వేసి మాటలాడవలసి వచ్చినదట. ఆ శబ్దమును గురించిన చర్చ ఈనాటికీ పూర్తిగా ముగియలేదు.

గ్రంథము అచ్చయ్యేనాటికి గ్రంథకర్త మరల యుద్ధములో ఉన్నారు. 1940లో ఆయన సలహామీద కైరోలో ఒక దూరప్రయాణ దళము ఏర్పడినది. టైరులు, డబ్బాలు, దోనెలు, సూర్యదిక్సూచి అన్నీ అందులోకి వచ్చినవి. పాత క్లబ్బు స్నేహితులు షా, ప్రెండర్‌గాస్ట్, క్లేటన్ కూడా చేరినారు. తరువాత ఒక భారతీయ దళము కూడా వారితో కలిసి తిరిగినది. 1941 జనవరిలో క్లేటన్ గాయపడి ఇటలీవారికి చిక్కినారు. 1942లో అల్మాషీ అదే ఎడారిని, అదే ఉపాయములతో, జర్మను గూఢచారులను ఈజిప్టుకు చేరవేయటానికి దాటినాడు. పదేళ్ళ క్రితము పటాలు పంచుకొన్నవారు ఒకరి దారులను ఒకరు కాపుకాయవలసి వచ్చినది. ఇసుకకు ఏ పక్షమూ లేదు గదా.

బాగ్నాల్డు 1944లో రాయల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికైనారు. యుద్ధము తరువాత నదులలో ఇసుక ఎలా కదులుతుందో పరిశోధించినారు. 1971లో కుజగ్రహమును చేరిన మారినర్-9 నౌక దాని చుట్టూ తిరిగి తీసిన ఛాయాచిత్రాలలో ఇసుకదిబ్బలు కనబడినవి. 1977లో భూమి, కుజుల ఎడారులను పోల్చటానికి నాసా ఏర్పాటు చేసిన సభలో, ఎనభై ఏళ్ళు దాటిన ఆయనచేత ప్రధానోపన్యాసము ఇప్పించినారు. 1990లో చనిపోయినారు.

2009లో కుజగ్రహము మీద 'స్పిరిట్' అనే నాసా బండి, పైకి గట్టిగా కనబడిన పొర కింద మెత్తని ఇసుకలో చక్రాలు కూరుకొని నిలిచిపోయినది. నెట్టటానికి మనుషులు లేరు, పరచటానికి దోనెలు లేవు. భూమి మీద ప్రయోగశాలలో అటువంటి ఇసుక పోసి, అటువంటి బండిని దింపి, నెలల తరబడి ఉపాయము వెదికినారు. ఫలితము లేకపోయినది; 2010 మార్చి తరువాత దానినుండి సంకేతము రాలేదు. 2015 చివరలో 'క్యూరియాసిటీ' అనే మరొక బండి గేల్ గోళబిలములోని నల్లని దిబ్బల వరుసను చేరినది. ఆ వరుసకు శాస్త్రజ్ఞులు అప్పటికే బాగ్నాల్డు దిబ్బలు అని పేరు పెట్టినారు. అక్కడి గాలి మన గాలిలో సుమారు నూరవ వంతు పలుచన. అయినా ఆ దిబ్బలు కదులుతున్నవి. వాటిమీద దాదాపు మూడేసి మీటర్ల ఎడముతో ఒక జాతి అలలు ఉన్నవి. ఎడారిలో మనము చూచే చిన్న అలల కంటె అవి చాలా పెద్దవి, దిబ్బల కంటె చాలా చిన్నవి. గాలికి ఏర్పడే ఇసుక అలలలో అటువంటివి బాగ్నాల్డు లిబియాలో చూడలేదు. అవి ఎలా ఏర్పడినవో 2016 నుండి వాదము నడుస్తున్నది.